చలి ప్రాంతాలలో తాటిజాతి చెట్ల పెంపకం: మొవ్వు నిలిస్తేనే చెట్టు

భివండీ పవర్‌లూం పట్టణపు ముఖ్యమైన కూడళ్ళలో అంజూర్ ఫాటా ఒకటి. మరాఠీలో ఫాటా అంటే దారి చీలే చోటు. వసయీ–దివా రైలుమార్గంలోని భివండీ రోడ్ స్టేషను ఇక్కడికి దగ్గర. మగ్గాల పనిని నమ్ముకుని తెలంగాణ జిల్లాల నుండి తరలివచ్చిన తెలుగు కుటుంబాలు పద్మానగర్ మొదలైన పేటలలో తరాలుగా స్థిరపడి ఉన్నాయి. వారితోపాటు మన సరిహద్దు గ్రామాల వారు కూడా ఇక్కడ కొందరు ఉన్నారు. వేసవి సెలవులు ముగిసే వేళ కల్యాణ్‌లో నందిగ్రామ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఆదిలాబాదు వైపు వెళ్ళే మనవారి సామానులో తరచు ఒక కొబ్బరి మొక్క కనిపిస్తుంది. కొంకణ తీరంలో ఇంటింటా పచ్చగా నిలిచిన చెట్టు తమ ఊరి పెరట్లో కూడా ఉండాలన్నది వారి కోరిక.

ఆ మొక్కలలో చాలా భాగం రెండవ పుష్యమాసం దాటవు. కారణం భూమి మంచిది కాకపోవడమనో, దిష్టి అనో చెప్పుకుంటారు. అసలు కారణం చలి. చలికి తాటిజాతి చెట్లు ఎలా దెబ్బతింటాయో, ఏ చెట్టు ఎంత ఓర్చుకుంటుందో, ఓర్చలేని దానిని ఎలా కాపాడుకోవాలో సరిహద్దు గ్రామాల కుటుంబాలకు ఉపయోగపడేటట్లు వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రెండు ఊళ్ళ చలికాలం

భివండీ సముద్రానికి ఎంతో దూరం లేదు. సముద్రపు నీరు పగటి వేడిని నిలుపుకొని రాత్రి మెల్లగా వదులుతుంది. గాలిలోని తేమ కూడా భూమి వేడిని త్వరగా పోనివ్వదు. అందువల్ల ఇక్కడి చలికాలపు రాత్రులు సాధారణంగా పదిహేను డిగ్రీల చుట్టుపక్కలనే ఉంటాయి. ముంబయిలో నమోదైన అత్యంత తక్కువ ఉష్ణోగ్రత 1962 జనవరి 22 నాటి 7.4 డిగ్రీలు. అంతటి చలి అక్కడ ఒక తరం గుర్తుంచుకునే విశేషం.

పెన్‌గంగ ఒడ్డున ఉన్న మన ఊళ్ళలో అది విశేషం కాదు. 2016 అక్టోబరు 11న నాలుగు జిల్లాలుగా విడిపోయిన పూర్వపు ఆదిలాబాదు జిల్లా తెలంగాణలోకెల్లా చలి ఎక్కువగా ఉండే ప్రాంతం. చలిగాలులు వీచే సంవత్సరాలలో డిసెంబరు, జనవరి మాసాల రాత్రి ఉష్ణోగ్రత అయిదారు డిగ్రీలకు, ఒక్కొక్కచోట అంతకన్న తక్కువకు పడిపోతుంది. ఆకాశం నిర్మలంగా, గాలి పొడిగా ఉన్న రాత్రి భూమి తన వేడిని త్వరగా కోల్పోతుంది. చల్లబడిన గాలి బరువెక్కి నీటివలె పల్లానికి జారి వాగు ఒడ్డున, చెరువు కింద నిలిచిపోతుంది. అందుచేత ఒకే ఊరిలో మెరక మీది పెరటికీ, పల్లపు చేనుకూ మధ్య రెండు మూడు డిగ్రీల భేదం ఏర్పడుతుంది. మొక్క బ్రతకడమో చావడమో తేల్చేది కొన్నిసార్లు ఆ భేదమే.

దీనికి తోడు మన వేసవి నలభై అయిదు డిగ్రీల వరకు పోతుంది. కనుక మనకు కావలసినది చలికీ ఎండకూ రెండింటికీ ఓర్చే చెట్టు.

ఒక్క మొవ్వుపై నడిచే జీవితం

వేప, మామిడి, చింత చెట్లకు కొమ్మకొమ్మకూ మొగ్గలు ఉంటాయి. ఒక కొమ్మ ఎండితే మరొక చోట చిగురు వేస్తుంది. తాటిజాతి చెట్ల నిర్మాణం వేరు. తాటి, ఈత, కొబ్బరి, పోక, జీలుగు, ఖర్జూరం అన్నీ ఒకే కుటుంబానికి చెందినవి, ఏకదళ బీజాలు. వీటి కాండం చివర, ఆకుల నడుమ, ఒకే ఒక పెరుగుదల మొగ్గ ఉంటుంది. దానినే మనం మొవ్వు అంటాము. కొత్త ఆకులన్నీ అక్కడినుండే పుడతాయి. కాండం గాయపడితే కొత్త బెరడుతో ఆ గాయం పూడదు. ఒంటి కాండపు చెట్టులో మొవ్వు చచ్చిందంటే చెట్టు చచ్చినట్లే.

చలి ఈ మొవ్వును మూడు విధాల బాధిస్తుంది. మొదటిది, నేల చల్లబడినప్పుడు వేళ్ళు నీటినీ పోషకాలనూ పీల్చుకోవడం మందగిస్తుంది. నేలలో తడి ఉన్నా ఆకు వాడుతుంది. రెండవది, కొత్త ఆకు వెలువడడం నిలిచిపోతుంది. మంచి పోషణలో ఉన్న ఎదిగిన కొబ్బరి చెట్టు సంవత్సరానికి పన్నెండు, పద్నాలుగు ఆకులు వేస్తుంది. చలి నెలలలో అది దాదాపు ఆగిపోతుంది. మూడవది అత్యంత ప్రమాదకరమైనది. చలికి నలిగిన లేత మొవ్వులో నీరు నిలిచి శిలీంధ్రాలు చేరతాయి, మొవ్వు కుళ్ళు మొదలవుతుంది. చలి తగ్గి వారాలు గడిచాక చెట్టు అకస్మాత్తుగా చనిపోయినట్లు కనిపించడానికి కారణం ఇదే.

చిన్న మొక్కకు ప్రమాదం ఎక్కువ. దాని మొవ్వు నేలకు ఆనుకొని ఉంటుంది, రాత్రివేళ అతి చల్లని గాలి ఉండేది అక్కడే. ఎదిగిన చెట్టు మొవ్వు ఎత్తున ఉండటమే కాక, చుట్టూ మందమైన మట్టలు దానికి కంబళివలె రక్షణ ఇస్తాయి.

ఏ చెట్టు ఎంత ఓర్చుకుంటుంది

ఈత. శాస్త్రనామం ఫీనిక్స్ సిల్వెస్ట్రిస్, మరాఠీలో శింది. మన ప్రాంతానికి అన్ని విధాల తగిన చెట్టు ఇదే. ఉత్తర భారత మైదానాలలోనూ హిమాలయాల పాదప్రాంతాలలోనూ సహజంగా పెరిగే ఈ చెట్టు కొద్దిపాటి మంచునూ, మండుటెండనూ, చవుడు నేలనూ, కొంతకాలం నిలిచిన నీటినీ భరిస్తుంది. కల్లు, పండ్లు, చాపలు, చీపుళ్ళు దీని ఫలితాలు. పండ్లు వేసవి చివర పక్వానికి వస్తాయి. తాజా గింజలను సంచులలో నాటితే రెండు మూడు నెలలలో మొలుస్తాయి. పోతు చెట్లు, ఆడ చెట్లు వేరువేరుగా ఉంటాయి, పూతకు వచ్చేవరకు గుర్తించలేము. కనుక ఒక్కటి నాటి ఊరుకోక గట్టు వెంట అయిదారైనా నాటాలి. 2015లో మొదలైన తెలంగాణకు హరితహారం కార్యక్రమంలో కూడా ఈత మొక్కలకు చోటు కల్పించారు.

తాటి. శాస్త్రనామం బొరాసస్ ఫ్లాబెల్లిఫర్, మరాఠీలో తాడ్. వేసవిలో ముంబయి–అహమ్మదాబాదు రహదారి పక్కన తాడ్‌గోళా పేరుతో అమ్మేవి మన ముంజలే. చలిని ఈత అంతగా కాకపోయినా మన ప్రాంతపు చలికి చాలినంతగా ఓర్చుకుంటుంది. దీని రహస్యం మొలకలో ఉన్నది. టెంక మొలిచినప్పుడు మొలక పైకి రాక ముందుగా అడుగు, అడుగున్నర లోతుకు దిగుతుంది. మనం తేగగా తినేది ఆ భాగమే. తరువాత కొన్ని సంవత్సరాలు ఆకులు మాత్రమే నేలపైన కనబడతాయి, మొవ్వు మట్టిలోనే దాగి ఉంటుంది. చలి, నిప్పు, పశువుల నోరు దానిని అందుకోలేవు. ఈ కారణం చేతనే తాటి మొక్కను పెకలించి మరొక చోట నాటితే బ్రతకదు, టెంకను శాశ్వత స్థలంలోనే నాటాలి. ఫలితానికి పన్నెండు నుండి ఇరవై సంవత్సరాలు పడుతుంది. ఇందులోనూ పోతు, పెంటి భేదం ఉన్నది.

జీలుగు. శాస్త్రనామం కార్యోటా యూరెన్స్, మరాఠీలో భేర్లీ మాడ్. విశాఖ, తూర్పు గోదావరి మన్యంలో కల్లు కోసం ప్రసిద్ధమైనది. లంబసింగి వంటి చలి కొండలున్న మన్యంలోనే ఇది పెరుగుతున్నందున చల్లని గాలి దీనికి కొత్త కాదు. అయితే తేమగల కొండవాలు, కొంత నీడ కావాలి. మన ఎండలో దీనికి కష్టం. పూత పైనుండి కిందికి వరుసగా వచ్చి, అది ముగిసిన తరువాత చెట్టు చనిపోతుంది. అది రోగం కాదు, దాని స్వభావం.

ఖర్జూరం. ఎదిగిన చెట్టు పొడి నేలలో సున్నా డిగ్రీల చలిని కూడా తట్టుకుంటుంది. చిక్కు చలి వలన కాదు, వాన వలన వస్తుంది. పండు పక్వానికి వచ్చే వేళకు రుతుపవనాలు దిగి కాయ పాడవుతుంది. కచ్ఛ్ ప్రాంతంలో వానలకు ముందే పచ్చికాయగా కోసి అమ్ముతారు. పెరటికి ఒకటి అందంగా ఉంటుంది గాని, ఆదాయం ఆశించి పెట్టుబడి పెట్టేవారు ఆలోచించి దిగాలి.

కొబ్బరి. మరాఠీలో మాడ్, కాయను నారళ్ అంటారు. సంవత్సర సగటు 27 డిగ్రీలు, బాగా విస్తరించిన వర్షపాతం, గాలిలో తేమ దీనికి అనుకూలం. రాత్రులు వరుసగా పదిహేనుకు దిగువన ఉంటే పెరుగుదల కుంటుపడుతుంది, పూత, పిందె రాలుతాయి. లేత మొక్కకు అయిదారు డిగ్రీల రాత్రులు వరుసగా వస్తే ప్రాణాపాయం. తాటికి ఉన్నట్లు మట్టిలోని రక్షణ దీనికి లేదు, మొలక కాయ నుండి నేరుగా పైకి వస్తుంది. పెంచడం అసాధ్యం కాదు, కాని కాపుదల తప్పనిసరి.

పోక. 14 నుండి 36 డిగ్రీల మధ్య మాత్రమే సుఖంగా పెరిగే సుకుమారమైన చెట్టు. మన పెరట్లకు తగదు.

అలంకార జాతులు. రోడ్డు పక్క నర్సరీలలో అరేకా పామ్, రాయల్ పామ్ ఎక్కువగా అమ్ముతారు. అరేకా గుబురుగా అనేక కాండాలతో పెరుగుతుంది గనుక ఒక కాండం పోయినా మిగిలినవి నిలవవచ్చు. అయినా దానిని కుండీలో ఉంచి చలికాలంలో వసారాలోకి చేర్చడమే మేలు. ఆరుబయట నాటదలచినవారు చైనా విసనకర్ర తాటి కోసం అడగడం మంచిది. అది స్వల్పమైన మంచును కూడా ఓర్చుకుంటుంది, చిన్నతనంలో కొంత నీడ ఉంటే బాగా ఎదుగుతుంది.

కొబ్బరినే నాటదలచినవారికి

ఈ భాగం నా సొంత తప్పిదంతో మొదలుపెడతాను. 2011 జూన్‌లో నేను అంజూర్ ఫాటా నుండి రెండు కొబ్బరి మొక్కలను మా ఊరికి తీసుకువెళ్ళాను. ఒకదానిని నీటికి దగ్గర కదా అని వాగు పక్క పల్లంలో నాటాను. రెండవదానికి చోటు లేక పశువుల కొట్టం దక్షిణపు గోడ వైపు నాటాను. మొదటిది రెండవ జనవరిలో పసుపుబారింది. ఎండిన ఆకులన్నీ కోసి, సాయంత్రాలు విడవకుండా నీరు పోయమని ఇంటివారికి చెప్పాను. శివరాత్రి నాటికి మొవ్వు చేతికి ఊడివచ్చింది. గోడ పక్కది నేటికీ నిలిచి ఉన్నది. మా నాయన అప్పుడు నాతో ఒక్క మాటే అన్నారు: "నువ్వు నీళ్ళు జూసినవ్ గని, సలి జూడలే బిడ్డా." వ్యవసాయ పుస్తకాలు నాకు చెప్పని పాఠం అది. ఆ అనుభవంతోపాటు తరువాత తెలుసుకున్న విషయాలను కలిపి ఈ క్రింద క్రమంగా ఇస్తున్నాను.

మొక్క ఎంపిక: తొమ్మిది నుండి పన్నెండు నెలల వయస్సు, కనీసం అయిదారు ఆకులు, మొదట్లో పది సెంటీమీటర్లకు తగ్గని చుట్టుకొలత గల మొక్కను తీసుకోవాలి. సన్నగా పొడవుగా సాగిన మొక్క నీడలో పెరిగినది, అది చలికి మొదట లొంగుతుంది. పేరు తెలియని మొక్క కన్న కొబ్బరి అభివృద్ధి మండలి క్షేత్రాలలోనో, ప్రభుత్వ ఉద్యాన నర్సరీలలోనో తీసుకున్నది నమ్మదగినది. భివండీలో ఉన్నవారికి పాల్‌ఘర్‌లో మండలి క్షేత్రం ఉన్నది.

నాటే కాలం: తొలకరి పడగానే జూన్, జూలై మాసాలలో నాటాలి. చలి వచ్చే లోపల వేళ్ళు పట్టుకోవడానికి నాలుగైదు నెలల వ్యవధి దొరుకుతుంది. దసరాకు తెచ్చి నాటిన మొక్కకు ఆ వ్యవధి ఉండదు.

స్థలం: పల్లం వద్దు. ఇంటికి దక్షిణం వైపు, ఉత్తరపు గాలి తగలని చోటు శ్రేష్ఠం. మట్టిగోడ గాని రాతిగోడ గాని పగలు ఎండను గ్రహించి రాత్రి ఆ వేడిని వదులుతుంది. గోడకు పది అడుగులకు తగ్గని దూరం పాటించాలి. రెండు కొబ్బరి చెట్ల మధ్య ఇరవై అయిదు అడుగులు ఉండాలి.

గుంత: పొడవు, వెడల్పు, లోతు మీటరు చొప్పున తీసి, పైమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి సగానికి పైగా నింపి, కాయ మునిగేటట్లు మొక్కను నిలపాలి. మొవ్వులో మట్టి పడకూడదు. వాననీరు గుంతలో నిలవకుండా చుట్టూ చిన్న గట్టు వేయాలి.

పోషణ: పొటాష్ లోపం ఉన్న చెట్టు చలికి త్వరగా దెబ్బతింటుంది. పొయ్యి బూడిదలో పొటాష్ ఉంటుంది గనుక దానిని మట్టిలో కలపడం మేలు. యూరియా వంటి నత్రజని ఎరువులను దసరా తరువాత వేయరాదు. అవి చలివేళ లేత ఆకును పుట్టిస్తాయి, ఆ లేత ఆకే మొదట మాడుతుంది.

నీరు: చలికాలంలో పొద్దెక్కిన తరువాత, మధ్యాహ్నం లోపల పోయాలి. తడిసిన నేల పగటి వేడిని ఎక్కువగా నిలుపుకుంటుంది, కనుక నేలను పూర్తిగా ఎండనివ్వరాదు. మొవ్వు మీద మాత్రం ఎన్నడూ నీరు పోయరాదు.

కప్పడం: మొదటి మూడు చలికాలాలు ఇది తప్పనిసరి. మొదలు చుట్టూ ఎండుగడ్డి, వరిపొట్టు, పత్తికట్టె ముక్కలు జానెడు మందాన పరచాలి, కాండానికి తగలనీయరాదు. మొక్క చుట్టూ నాలుగు కర్రలు పాతి ఉత్తరం, తూర్పు వైపుల ఈత చాప గాని గోనెపట్టా గాని కట్టాలి. చలిగాలుల హెచ్చరిక ఉన్న రాత్రులలో ఆకులను వదులుగా పైకి చేర్చి కట్టి గోనెసంచి కప్పి, ఎండ రాగానే తీసివేయాలి. ప్లాస్టిక్ కాగితం ఆకులను తాకితే అక్కడ చలి మరింతగా అంటుతుంది, పగలు తీయకపోతే లోపల ఉడికిపోతుంది. చెట్టు కింద పొగ పెట్టడం వలన ప్రయోజనం స్వల్పం, మంట మొదలుకు దగ్గరైతే నష్టమే.

చలి దెబ్బ తగిలిన తరువాత

ఆకులు గోధుమరంగుకు మారినంత మాత్రాన చెట్టు పోయినట్లు కాదు. మనవారు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. ఎండిన ఆకును చూసి తొందరపడి కోస్తారు, లేదా చెట్టునే కొట్టివేస్తారు. మాడిన మట్టలు కూడా మొవ్వుకు కప్పుగా పనిచేస్తాయి. శివరాత్రి దాటి రాత్రులు వెచ్చబడేవరకు వాటిని తాకరాదు.

ఆ తరువాత నడిమి ఆకును పట్టుకొని మెల్లగా లాగి చూడాలి. గట్టిగా నిలిస్తే మొవ్వు క్షేమం. సులువుగా ఊడివచ్చి, అడుగున మెత్తబడి దుర్వాసన వస్తే కుళ్ళు మొదలైనది. అప్పుడు కుళ్ళిన భాగాన్ని శుభ్రమైన కత్తితో పూర్తిగా తీసివేసి, బోర్డో పేస్టు పూసి, ఎండ, వాన పడకుండా మూత వేయాలి. పక్క చెట్లకు ముందుజాగ్రత్తగా ఒక శాతం బోర్డో మిశ్రమం చల్లాలి. పది లీటర్ల నీటికి వంద గ్రాముల మైలుతుత్తం, వంద గ్రాముల సున్నం చొప్పున, రెండింటినీ వేరువేరు ప్లాస్టిక్ పాత్రలలో కలిపి, మైలుతుత్తం నీటిని సున్నపు నీటిలో పోయాలి. ఇనుప పాత్ర వాడరాదు, పిల్లలకు అందనీయరాదు, కలిపిన నాడే వాడుకోవాలి. కొత్త ఆకు రావడానికి రెండు మూడు నెలలు పట్టినా ఓపిక పట్టాలి. మొదట వచ్చే ఆకులు వంకరగా, కురచగా ఉండవచ్చు. తరువాతి ఆకులు సరిగా వస్తాయి.

బలహీనపడిన చెట్టును కొమ్ము పురుగు, ఎర్ర ముక్కు పురుగు వెదుక్కుంటూ వస్తాయి. కాండంలో రంధ్రాలు, నమిలిన పీచు, ఎర్రని జిగురు కనిపిస్తే వెంటనే ఉద్యానశాఖ అధికారికి చూపాలి.

మంచులో నిలిచే జాతులు

ప్రపంచంలో మంచు కురిసే ప్రాంతాలలో కూడా తాటిజాతి చెట్లు ఉన్నవంటే మనకు ఆశ్చర్యంగా ఉంటుంది. ఉత్తరాఖండ్‌లోని పిథౌరాగఢ్ సమీపాన థల్‌కేదార్ కొండలపై రెండు వేల మీటర్లకు మించిన ఎత్తులో ట్రాకికార్పస్ తాకిల్ అనే జాతి పెరుగుతుంది. దాని బంధువైన చైనా జాతి మొక్కలను రాబర్ట్ ఫార్చ్యూన్ 1849లో ఇంగ్లండుకు పంపించాడు. సున్నాకు పది డిగ్రీల దిగువ చలిని కూడా ఓర్చుకునే ఆ జాతి నేడు ఐరోపాలోని అనేక ఉద్యానవనాలలో ఉన్నది. అయితే దానిని తెచ్చి మన ఊళ్ళో నాటితే చలికి నిలిచినా నలభై అయిదు డిగ్రీల ఎండలో సరిగా ఎదగదు. చలికి ఓర్చడమొక్కటే అర్హత కాదని దీనివలన తెలుస్తున్నది.

తెలుగువారు అధికంగా నివసించే అమెరికాలోని డాలస్ ప్రాంతంలో 2021 ఫిబ్రవరి 16న ఉష్ణోగ్రత సున్నాకు దిగువన దాదాపు 19 డిగ్రీలకు పడిపోయింది. ఆ మంచు తుపానులో టెక్సాస్ రాష్ట్రమంతటా తాటిజాతి చెట్లు పెద్ద సంఖ్యలో నశించాయి. కాని ఆకులన్నీ మాడిన చెట్లలో కొన్ని, నరకకుండా విడిచిపెట్టిన చోట, వేసవి నాటికి కొత్త మొవ్వు తొడిగాయి. ఓపిక విషయంలో పెన్‌గంగ తీరానికైనా, టెక్సాస్‌కైనా నియమం ఒక్కటే.

ముగింపుగా

గట్టు మీదికి ఈత, చేను అంచుకు తాటి, దక్షిణపు గోడ పక్కకు కాపుదలతో ఒక కొబ్బరి, వసారాలోకి ఒక కుండీ: సరిహద్దు గ్రామపు ఇంటికి ఇంతమాత్రం చాలు. భివండీ నుండి మొక్క తెచ్చే ముందు ఇంటికి ఫోను చేసి ఒక్క ప్రశ్న అడగండి: నిరుటి పుష్యమాసంలో మన పెరట్లో ఏ మూల అందరికన్న ముందు ఎండ వచ్చింది, ఏ మూల మంచు చివరి వరకు నిలిచింది? పెద్దలకు అది తెలిసే ఉంటుంది. ముందు ఎండ వచ్చిన మూలలో నాటండి.